సంబరం భోజనం తిన్న రాత్రి నుంచి నీళ్ల విరేచనాలు: ఏ బ్యాక్టీరియా? టైఫాయిడ్ మందులు వాడాలా?

మీరు రాసినదాంట్లో నాకు అర్థమైంది ఇదీ. మీ నాన్నగారికి 58 ఏళ్లు, కవిటి దగ్గర పల్లె, బీపీకి రోజూ మాత్ర వేసుకుంటారు. నిన్న అమ్మవారి సంబరానికి మధ్యాహ్నం రెండింటికి మేక మాంసంతో భోజనం చేశారు. రాత్రి ఒంటిగంటకి కడుపులో మెలిపెట్టి నొప్పి మొదలై, తెల్లారేలోగా ఎనిమిది సార్లు నీళ్ల విరేచనం అయింది. వాంతి లేదు, జ్వరం లేదు, రక్తం పడలేదు. అదే పంక్తిలో తిన్న మరో పది పన్నెండు మందికి కూడా ఇలాగే ఉంది. పొద్దున్న ఊళ్లో చూసే ఆయన నొప్పికి ఇంజెక్షన్ చేసి, ఒక సెలైన్ బాటిల్ ఎక్కించి, ఆఫ్లాక్సాసిన్-ఆర్నిడజోల్ మాత్రలు ఇచ్చారు. వైడాల్ టెస్టు పాజిటివ్ వచ్చింది కాబట్టి టైఫాయిడ్ అని, పద్నాలుగు రోజులు మందులు వాడాలని చెప్పారు. ఇది ఏ బ్యాక్టీరియా, కలరా అయి ఉంటుందా, ఆ మాత్రలు కొనసాగించాలా అని అడిగారు.

ముందు జవాబు చెప్తాను. మీరు చెప్పిన తీరుకి టైఫాయిడ్ సరిపోదు. కలరా కూడా కాకపోవచ్చు. తిన్న వేళకీ, విరేచనం మొదలైన వేళకీ మధ్య పదకొండు గంటలుంది. దాన్నిబట్టి చూస్తే క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా అయ్యే అవకాశమే ఎక్కువ. అది మామూలుగా ఒక రోజులో దానంతట అదే తగ్గుతుంది, యాంటీబయోటిక్ అక్కర్లేదు. కానీ నాకు భయం ఇంకోచోట ఉంది. పొద్దున్నుంచి నాన్నగారు ఎన్నిసార్లు మూత్రానికి వెళ్లారు? ఆ పొద్దుటి ఇంజెక్షన్ పేరేమిటి? కవిటి అంటే ఉద్దానం, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ప్రాంతం. అక్కడి మనిషికి, అందులో బీపీ మాత్ర వేసుకునే మనిషికి, ఒంట్లో నీరు తగ్గిన రోజు కిడ్నీ గురించి ఆలోచించకుండా నేను మరో మాట మాట్లాడలేను. దానికి కిందకి వస్తాను.

నేను ఇరవై నాలుగేళ్లుగా వైద్యం చేస్తున్నాను. మొదటి ఏడేళ్లు విజయనగరం జిల్లా ఏజెన్సీ పీహెచ్‌సీల్లో, ఆ తర్వాత శ్రీకాకుళంలో జనరల్ మెడిసిన్. వానాకాలం వచ్చిందంటే రోజూ చూసే జబ్బు ఇది.

పెద్దవాళ్లలో హఠాత్తుగా వచ్చే విరేచనాల్లో చాలాభాగం అసలు బ్యాక్టీరియా వల్ల రావు, నోరోవైరస్ లాంటి వైరస్‌ల వల్ల వస్తాయి. రెండు మూడు రోజుల్లో పోతాయి. బ్యాక్టీరియా అని అనుమానించాల్సి వస్తే నేను మొదట అడిగేది ఏం తిన్నారు, ఎన్ని గంటల తర్వాత మొదలైంది అని. ల్యాబ్ కంటే ముందు ఈ రెండు ప్రశ్నలే సగం దారి చూపిస్తాయి.

గంట నుంచి ఆరు గంటల్లోపు డోకులు, వాంతులు మొదలై విరేచనాలు తక్కువగా ఉంటే, ఆహారంలో ముందే తయారై ఉన్న విషం లోపలికి వెళ్లిందని అర్థం. స్టఫైలోకాకస్ ఆరియస్ అనేది వండినవాళ్ల చేతి పుండు నుంచో, ముక్కు నుంచో పాలకోవాలోకి, క్రీములోకి చేరుతుంది. వండి బయట వదిలేసిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ పెరుగుతుంది. పొద్దున్న వండిన అన్నాన్ని సాయంత్రం బండి మీద ఫ్రైడ్ రైస్ చేసి అమ్మితే జరిగేది ఇదే. ఈ రెండు విషాలూ మళ్లీ వేడి చేసినా పోవు. పెనం మీద పొగలు కక్కుతున్నా సరే, విషం విషంగానే ఉంటుంది.

ఎనిమిది నుంచి పదహారు గంటల మధ్య, వాంతి లేకుండా, జ్వరం లేకుండా, కడుపునొప్పితో నీళ్ల విరేచనం, అదీ మాంసం తిన్నాక పదిమందికి ఒకేసారి వచ్చిందంటే పెర్‌ఫ్రింజెన్స్. ఇది మన సంబరాల జబ్బు, పెళ్లిళ్ల జబ్బు, దినం భోజనాల జబ్బు. ఎందుకో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇలాంటప్పుడు ఊళ్లో వంటవాళ్ల మీద పడిపోతారు. "మాంసం సరిగ్గా ఉడకలేదు" అంటారు. ఉడికే ఉంటుంది.

ఈ బ్యాక్టీరియా గింజలాంటి గట్టి రూపంలోకి మారగలదు. దాన్ని స్పోర్ అంటాం. కూర కుతకుత ఉడుకుతున్నా ఆ స్పోర్ చావదు. ఉడికేటప్పుడు కూరలోని గాలి బయటికి పోతుంది, ఈ బ్యాక్టీరియాకి కావాల్సింది కూడా అదే, గాలి లేని చోటు. తెల్లవారుజామున నాలుగింటికి వండి గుండిగలో మూతపెట్టేస్తారు. లోతైన గుండిగ కదా, పైన చల్లారినా మధ్యలో గోరువెచ్చగా గంటల తరబడి ఉండిపోతుంది. 12 నుంచి 60 డిగ్రీల మధ్య ఇది పెరుగుతుంది. 43-47 డిగ్రీల దగ్గరైతే పది నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. మధ్యాహ్నం వడ్డించే వేళకి కోట్లకొద్దీ ఉంటాయి. రంగు మారదు, వాసన రాదు. అవి పేగుల్లోకి వెళ్లి, మళ్లీ స్పోర్‌లుగా మారేటప్పుడు విషం వదులుతాయి. ఆ సమయమే మీరు చెప్పిన పదకొండు గంటలు. వడ్డించే ముందు కూరని అడుగు నుంచి కలుపుతూ మరోసారి బాగా మరిగించి ఉంటే, పెరిగిన బ్యాక్టీరియా చచ్చిపోయేది, ఇంతమందికి వచ్చేది కాదు. వచ్చే ఏడాది వండేవాళ్లకి ఈ ఒక్క మాట చెప్పండి. ముందే వండక తప్పదంటే పెద్ద గుండిగలో ఉంచకుండా వెడల్పాటి పళ్లేల్లోకి తీసి త్వరగా చల్లార్చాలి, లేదంటే నిప్పుల మీద 60 డిగ్రీలు దాటి వేడిగా ఉంచాలి.

ఒకటి నుంచి నాలుగైదు రోజుల తర్వాత, జ్వరంతో మొదలైతే అది వేరే కుటుంబం. షిగెల్లా, సాల్మొనెల్లా, కాంపైలోబ్యాక్టర్. ఇవి పేగు గోడని గాయపరుస్తాయి. కాబట్టి కొంచెం కొంచెంగా, జిగటగా, రక్తంతో, ముక్కుతూ వెళ్లాల్సి వస్తుంది. మన పెద్దవాళ్లు నీళ్ల విరేచనం, జిగట విరేచనం అని వేర్వేరుగా పిలిచారు చూడండి, ఇప్పటికీ వైద్యం మొదలయ్యేది ఆ తేడా దగ్గరే. షిగెల్లా పది నుంచి వంద క్రిములు లోపలికి పోయినా చాలు, జబ్బు వస్తుంది. అందుకే ఒక ఇంట్లో ఒకరికి వస్తే చేతుల ద్వారా అందరికీ పాకుతుంది. కలరాకి అలా కాదు, మామూలు మనిషికి కోట్ల సంఖ్యలో వెళ్లాలి, అంత మోతాదు మోసుకొచ్చేది ఎక్కువగా నీళ్లే. (గ్యాస్ మాత్రలు రోజూ మింగేవాళ్లకి పొట్టలో ఆమ్లం తగ్గిపోతుంది, వాళ్లకి తక్కువ మోతాదు చాలు. మా దగ్గర ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ ఏళ్ల తరబడి వాడేవాళ్లు ఇంటికొకరు ఉన్నారు.)

తీరం వెంబడి ఉండేవాళ్లకి ఇంకొకటుంది, విబ్రియో పారాహీమోలిటికస్. సముద్రపు నీళ్లలో బతికే బ్యాక్టీరియా. సగం ఉడికిన పీతలు, రొయ్యలు తిన్న ఒక రోజుకి నొప్పితో నీళ్ల విరేచనాలు. కళింగపట్నం వైపు నుంచి ఒకే పడవలో వెళ్లొచ్చిన నలుగురు ఒకే సాయంత్రం నా దగ్గరకి వచ్చారు. పడవలోనే పీతలు కాల్చుకుని తిన్నారట. నలుగురికీ రెండు రోజుల్లో తగ్గింది, ఓఆర్‌ఎస్ తప్ప ఏమీ ఇవ్వలేదు.

ఇక కలరా. మీరు భయపడ్డారు కాబట్టి చెప్తాను. కలరా విరేచనం బియ్యం కడుగులా ఉంటుంది. నొప్పి పెద్దగా ఉండదు, జ్వరం ఉండదు, నీళ్లు మాత్రం ధారగా పోతాయి. తీవ్రంగా ఉంటే గంటకి లీటరు దాకా పోతుంది. నేను పీహెచ్‌సీలో చేరిన రెండో వానాకాలంలో కొండ మీద ఊరి నుంచి ఒకాయన్ని డోలీలో మోసుకొచ్చారు. నలభై దాటిన మనిషి, ముందురోజు పొలంలో పనిచేశాడు. కళ్లు గుంతలు పడ్డాయి, వేళ్లు బట్టలు ఉతికిన వేళ్లలా ముడతలు పడ్డాయి, పిక్కలు పట్టేసి అరుద్దామంటే గొంతు రావడం లేదు. నాడి అందలేదు. రెండు చేతులకీ సూదులు పెట్టి రింగర్ లాక్టేట్ అనే సెలైన్ వదిలాం. లెక్క ఏమిటంటే, కిలోకి 30 మి.లీ. మొదటి అరగంటలో, ఇంకో 70 మి.లీ. తర్వాతి రెండున్నర గంటల్లో. ఆయన యాభై కిలోలు ఉంటాడు, అంటే మూడు గంటల్లో ఐదు లీటర్లు. ఒక బాటిల్ ఎక్కించి పంపేస్తే ఆయన దారిలోనే పోయేవాడు. నాలుగో గంటకి లేచి కూర్చుని గంజి అడిగాడు. ఆయన శాంపిల్ రిపోర్టు విశాఖ నుంచి వచ్చేసరికి ఆయన ఇంటికెళ్లి మూడు రోజులైంది. కలరాయే. పేరు తెలిసేలోగా ప్రాణం నిలబెట్టింది నీళ్లూ, ఉప్పూ. వైద్యం అందని తీవ్రమైన కలరాలో సగం మంది దాకా చనిపోతారు, సరిగ్గా నీళ్లు ఎక్కిస్తే నూటికి ఒక్కరు కూడా పోరు.

ఇది ఎందుకు పనిచేస్తుందో తెలియడంలో మనవాళ్ల చెయ్యి పెద్దది. 1959లో కలకత్తాలో శంభునాథ్ డే, కలరా బ్యాక్టీరియా పేగుని కొరికెయ్యదని, ఒక విషం వదిలి పేగు చేత నీళ్లు కక్కిస్తుందని చూపించారు. పేగు గోడ చెక్కుచెదరదు కాబట్టి చక్కెర, ఉప్పు కలిపిస్తే లోపలికి పీల్చుకునే దారి తెరిచే ఉంటుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో సెలైన్ అయిపోతే దిలీప్ మహలనబిస్ ఉప్పు-చక్కెర నీళ్లని డ్రమ్ముల్లో కలిపి తాగించారు. దాదాపు 30 శాతం ఉన్న మరణాలు 4 శాతం లోపుకి దిగాయి. మనం చవక మందని చిన్నచూపు చూసే ఓఆర్‌ఎస్ వెనక ఇంత ఉంది.

2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్ల మండలంలో అతిసారం వచ్చి మనుషులు పోయినప్పుడు మన రెండు జిల్లాల్లో ఎవరికీ నిద్ర పట్టలేదు. ఆ తర్వాత కొన్నాళ్లపాటు విరేచనం అనగానే జనం తొందరగా వచ్చేవాళ్లు. ఇప్పుడు మళ్లీ మూడో రోజుకి వస్తున్నారు.

వైడాల్ సంగతి. ఈ టెస్టు 1896 నాటిది. టైఫాయిడ్ బ్యాక్టీరియాకి ఎదురుగా మన రక్తంలో యాంటీబాడీలు ఉన్నాయా అని చూస్తుంది. మన ప్రాంతంలో ఎప్పుడో ఒకసారి ఆ కుటుంబం బ్యాక్టీరియా సోకని పెద్దవాళ్లు తక్కువ. కాబట్టి ఆరోగ్యంగా ఉన్న మనిషికి చేసినా పాజిటివ్ రావచ్చు. పైగా టైఫాయిడ్ లోపలికి వెళ్లిన వారం, రెండు వారాల తర్వాత జ్వరంతో మొదలవుతుంది, రోజురోజుకీ జ్వరం పెరుగుతుంది, పెద్దవాళ్లలో చాలామందికి మలబద్ధకమే ఉంటుంది. మధ్యాహ్నం తిని అర్ధరాత్రికి విరేచనాలు పట్టుకుంటే దాన్ని టైఫాయిడ్ అనడానికి ఆధారమే లేదు. టైఫాయిడ్ అని గట్టిగా అనుమానం ఉంటే యాంటీబయోటిక్ మొదలుపెట్టకముందు బ్లడ్ కల్చర్ (రక్తంలోని బ్యాక్టీరియాని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) పంపాలి. ఏడాదిలో నాలుగుసార్లు టైఫాయిడ్ వచ్చిందని చెప్పి నాలుగు వైడాల్ కాగితాలు తెచ్చిన మనిషిని చూశాను. ఆయనకి ఒక్కసారి కూడా వారం రోజుల జ్వరం లేదు.

ఇప్పుడు ఆ మాత్రలు. ఆర్నిడజోల్ ఇచ్చేది అమీబా, జియార్డియా అనే పేగు పరాన్నజీవులకి. ఒక్కరాత్రి నీళ్ల విరేచనాలకి అమీబా కారణం కావడం చాలా అరుదు. ఆఫ్లాక్సాసిన్ సంగతి ఇంకా బాధాకరం. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో అదే కుటుంబానికి చెందిన సిప్రోఫ్లాక్సాసిన్ రెండు మాత్రలకి రక్త విరేచనం ఆగేది. ప్రతి విరేచనానికీ ఇచ్చి ఇచ్చి, ఇప్పుడు నిజంగా షిగెల్లా వచ్చిన మనిషికి ఆ కుటుంబం మందు పనిచేస్తుందని నమ్మలేని స్థితికి తెచ్చుకున్నాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఇచ్చిన ప్రమాదకర బ్యాక్టీరియాల జాబితాలో, ఈ మందులకి లొంగని షిగెల్లా, సాల్మొనెల్లా రెండూ ఉన్నాయి.

నేను యాంటీబయోటిక్ రాసే సందర్భాలు కొన్నే. జ్వరంతో రక్త విరేచనం ఉంటే, చాలావరకు అజిత్రోమైసిన్. ఒళ్లు ఎండిపోయేంత కలరా ఉంటే డాక్సీసైక్లిన్ 300 మి.గ్రా. ఒకే ఒక్క మోతాదు. (ఆ మందుల కుటుంబంలో మొట్టమొదటిది ఆరియోమైసిన్, 1948లో మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు గారు నడిపించిన లెడర్లీ ప్రయోగశాల నుంచి వచ్చింది. నాకు ఆ మాత్ర చేతిలోకి తీసుకున్నప్పుడల్లా గుర్తొస్తుంది.) క్యాన్సర్ మందుల మీద ఉన్నవాళ్లకి, స్టెరాయిడ్లు వాడేవాళ్లకి, బాగా ముసలివాళ్లకి విడిగా ఆలోచిస్తాను. జ్వరం లేకుండా రక్తం పడితే మాత్రం ఆగుతాను, ఎందుకంటే విషం వదిలే ఒక రకం ఈ-కోలై ఉంది. దానికి యాంటీబయోటిక్ ఇస్తే కిడ్నీలు దెబ్బతినే ముప్పు పెరుగుతుంది. ఇంకో మాట, ఏదో జబ్బుకి యాంటీబయోటిక్ వాడిన తర్వాత మొదలై ఆగని విరేచనాలకి క్లాస్ట్రీడియోయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా కారణం కావచ్చు. అలాంటప్పుడు డాక్టరుకి ఆ పాత మందుల చీటీ తప్పకుండా చూపించండి.

విరేచనం ఆపే లోపెరమైడ్ మాత్రలు మందుల షాపులో అడిగి వేసుకునేవాళ్లున్నారు. జ్వరమో, రక్తమో ఉంటే అవి వద్దు. లోపలున్నది బయటికి పోకుండా తలుపు వేసినట్టవుతుంది.

ఇప్పుడు నాకు అసలు బెంగ ఉన్న విషయం. ఉద్దానంలో కిడ్నీ జబ్బుకి కారణం ఇంకా తేలలేదు. కానీ అక్కడ చాలామందికి వాళ్లకే తెలియకుండా కిడ్నీలు కొంత దెబ్బతిని ఉంటాయి. కాళ్ల వాపు ఉండదు, నొప్పి ఉండదు. అలాంటి మనిషికి విరేచనాలతో నీరు తగ్గితే కిడ్నీకి రక్తం తగ్గుతుంది. దాని మీద డైక్లోఫెనాక్ అనే నొప్పి ఇంజెక్షన్ పడితే ఇంకా తగ్గుతుంది. టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్ లాంటి బీపీ మాత్రలు, మూత్రం ఎక్కువ పోయించే మాత్రలు, ఇవి మామూలు రోజుల్లో మంచివే, ఒళ్లు ఎండిన రోజు అదే కిడ్నీ మీద భారం. మూడూ కలిసిన రోజు చెయ్యి దాటిపోతుంది. పలాస వైపు నుంచి జీడిపిక్కల పనికి వెళ్లే ఒకావిడ మూడు రోజుల విరేచనాల తర్వాత వచ్చింది. మధ్యలో ఒళ్లునొప్పులకి రెండు ఇంజెక్షన్లు చేయించుకుంది. మూత్రం ముందురోజు నుంచి లేదు. క్రియాటినిన్ (కిడ్నీ పనిచెయ్యకపోతే రక్తంలో పెరిగే అంకె) 6.8. రెండుసార్లు డయాలసిస్ చేసి ఇంటికి పంపగలిగాం, కానీ ఆ తర్వాత ఎప్పుడు చూసినా 2 కిందకి రాలేదు. ఆమెని ఆ స్థితికి తెచ్చిన బ్యాక్టీరియా బహుశా రెండు రోజుల్లో పోయేదే. మొదటి రోజే ఎవరైనా ఓఆర్‌ఎస్ ప్యాకెట్ చేతిలో పెట్టి ఆ ఇంజెక్షన్ ఆపి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

అందుకని నాన్నగారికి నొప్పి ఇంజెక్షన్లు, నొప్పి మాత్రలు ఇక వద్దు. నొప్పి భరించలేకపోతే పారాసిటమాల్ చాలు. బీపీ మాత్ర పేరు చూసి, ఈ ఒకటి రెండు రోజులు ఆపాలా అని ఆ మాత్ర రాసిన డాక్టరుకి ఈ పూటే ఫోన్ చేసి అడగండి. షుగరుకి మెట్‌ఫార్మిన్ కూడా వేసుకుంటుంటే అదీ చెప్పండి. ఆఫ్లాక్సాసిన్-ఆర్నిడజోల్ కొనసాగించడానికి నాకు కారణం కనిపించడం లేదు. చూసి నిర్ణయించే డాక్టరుకి ఈ వివరాలన్నీ చెప్పి ఆపించండి.

లీటరు ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ని సరిగ్గా ఒక లీటరు మంచినీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి. గ్లాసుకి చెంచా చొప్పున వేసుకుంటే లెక్క తప్పుతుంది. విరేచనం అయిన ప్రతిసారీ గ్లాసు, గ్లాసున్నర, గుక్కగుక్కగా. ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూడండి. ఓఆర్‌ఎస్ పేరుతో అమ్మిన తియ్యటి డబ్బా పానీయాల మీద హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆ పేరు వాడకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. అలాంటివి ఇంట్లో ఉంటే తాగించకండి, చక్కెర ఎక్కువై విరేచనం పెరుగుతుంది. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్లకి చదునుగా ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు. గంజిలో ఉప్పేసి ఇవ్వండి, పలచటి చోడి (రాగి) అంబలి, మజ్జిగన్నం పెట్టండి. కడుపు మాడ్చకండి. కొబ్బరి బొండాల విషయంలో ఒక జాగ్రత్త. మీ ఊళ్లో పెరట్లోనే దొరుకుతాయి, అందరూ అవే తాగిస్తారు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. కిడ్నీ ఎలా ఉందో తెలియని మనిషికి బొండాల మీద బొండాలు తాగించడం ప్రమాదం. రిపోర్టు వచ్చేదాకా ఆగండి.

వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన గుర్తులు: ఆరు గంటలుగా మూత్రం లేకపోవడం, లేచి నిలబడితే కళ్లు తిరగడం, నాలుక పిడచకట్టుకుపోవడం, తాగిందంతా వాంతి కావడం, మలంలో రక్తం, జ్వరం, మగతగా ఉండటం. ఇందులో ఏ ఒక్కటి ఉన్నా రేపటిదాకా ఆగకండి, 108కి ఫోన్ చెయ్యండి.

పది పన్నెండు మందికి వచ్చిందన్నారు కాబట్టి ఆశా కార్యకర్తకో, ఏఎన్‌ఎమ్‌కో ఈ రోజే చెప్పండి. నేను భోజనం అనుకుంటున్నాను, కానీ వినడాన్నిబట్టి చెప్తున్న మాట ఇది. సంబరానికి రాని ఇళ్లలో కూడా విరేచనాలు ఉంటే అప్పుడు అనుమానం నీళ్ల మీదకి వెళ్తుంది, కథ మారిపోతుంది. వాళ్లు వచ్చి ఇద్దరు ముగ్గురి మలం శాంపిల్ తీస్తారు. మాత్రలు వేసుకోనివాళ్ల దగ్గర తీయమనండి, యాంటీబయోటిక్ పడ్డాక కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు. ఈలోగా తాగేనీళ్లు మరిగించుకోండి. ట్యాంకులో వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు కలిపి గంట ఆగాలి. తేమకి ముద్దకట్టిన పాత పౌడరులో బలం ఉండదు.

నాన్నగారికి ఈ రోజే రక్తంలో క్రియాటినిన్, సోడియం, పొటాషియం చేయించండి. రిపోర్టు రాగానే అంకెలు ఇక్కడ పెట్టండి. ఆర్నెల్లు, ఏడాది కిందటి క్రియాటినిన్ కాగితం ఎక్కడైనా ఉంటే అది కూడా వెతికి పెట్టండి. ఇప్పటి అంకెని దానితో పోల్చి చూడాలి.